కోల్డ్ స్టోరేజి కండెన్సరు నీళ్ళు తాగునీటి లైనులోకి వెనక్కి వస్తున్నాయి: నాన్ రిటర్న్ వాల్వు మారిస్తే సరిపోతుందా?

ఏటుకూరు రోడ్డు మేనేజరు:

సభ్యులందరికీ నమస్కారం. గుంటూరులో ఏటుకూరు రోడ్డు వైపున్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజికి నేను మేనేజరుగా పనిచేస్తున్నాను. మాది అమ్మోనియా ప్లాంటు. వేడి అమ్మోనియా గ్యాసును నీళ్ళతో చల్లబరచి ద్రవంగా మార్చే షెల్ అండ్ ట్యూబ్ కండెన్సరు (ట్యూబుల లోపల నీళ్ళు, బయట అమ్మోనియా), ఆ నీళ్ళను చల్లబరచడానికి ఒక కూలింగ్ టవరు ఉన్నాయి. మా బోరు నీళ్ళు బాగా ఉప్పగా ఉండి ట్యూబుల్లో పెచ్చు కడుతున్నందున, నేను చేరకముందే టవరు తొట్టికి మున్సిపల్ కనెక్షన్ నుంచి అంగుళం గొట్టం వేయించారు. గేటు దగ్గర హమాలీలు నీళ్ళు తాగే కుళాయికీ, వాచ్‌మన్ గదికీ వెళ్ళేది కూడా ఆ లైనే.

పోయిన వారం టిక్కీలు (మిర్చి బస్తాలు) దించుతున్న హమాలీలు ఇద్దరు నా దగ్గరికి వచ్చి, కుళాయి నీళ్ళు సబ్బు కలిపినట్టు చేతికి జారుడుగా తగులుతున్నాయనీ, దోసిట్లో పట్టి మొహం దగ్గరికి తెస్తే ముక్కుకు ఘాటు కొడుతున్నదనీ చెప్పారు. అంతకు రెండు రోజుల ముందే వాచ్‌మన్ భార్య, టీ డికాక్షన్ ఎన్నడూ లేనంత నల్లగా దిగుతున్నదని అన్నప్పుడు నేను టీపొడి మార్చమని చెప్పి ఊరుకున్నాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

లైను వెంట నడుచుకుంటూ వెళ్ళి చూస్తే రెండు చోట్ల అనుమానం కలిగింది. మొదటిది, టవరు తొట్టిలోని బాల్ కాక్ (తొట్టి నిండగానే నీళ్ళు ఆపే తేలుడు బంతి కుళాయి) మూతి నీటిలో మునిగి ఉంది. రెండవది, పంపు చెడిపోయినప్పుడు మున్సిపల్ నీళ్ళు నేరుగా కండెన్సరులోకి పోయేలా పంపు డెలివరీ హెడరుకు (పంపు నుంచి నీళ్ళు బయటికి వచ్చే పెద్ద గొట్టానికి) ఎవరో ఒక బై-పాస్ కలిపారు. దాని మీద గేటు వాల్వు మూసే ఉంది, దాని వెనుక, నీళ్ళను ఒకవైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు కూడా ఉంది. ఇన్ని ఉండగా నీళ్ళు వెనక్కి ఎలా వచ్చాయో నాకు అర్థం కాలేదు. నాన్ రిటర్న్ వాల్వు కొత్తది వేయిస్తే చాలునని మా యజమాని అంటున్నారు. ప్రస్తుతానికి కుళాయి కట్టేసి, తాగడానికి నీళ్ళ టిన్నులు తెప్పిస్తున్నాను.

అమ్మోనియా ఆపరేటరు:

మేనేజరు గారూ, వాల్వుల సంగతి తరువాత చూడవచ్చు. నీళ్ళలో ఘాటు వచ్చిందంటే ముందు మీ కండెన్సరులో ట్యూబు చిల్లి పడిందని భావించి పని మొదలుపెట్టండి. మన ఎండల్లో కండెన్సరులో అమ్మోనియా ప్రెషరు చదరపు సెంటీమీటరుకు 13, 14 కిలోలకు తక్కువ ఉండదు. అదే ట్యూబు లోపల తిరిగే నీళ్ళకు పంపు ఇచ్చేది ఒకటిన్నర, మహా అయితే రెండు కిలోలు. గుండుసూది మొనంత చిల్లి పడినా నీళ్ళు అమ్మోనియాలోకి పోవు, అమ్మోనియానే నీళ్ళలోకి వస్తుంది. అది నీళ్ళలో ఎంత తేలికగా కరుగుతుందంటే, బుడగలు కూడా కనిపించకుండా కలిసిపోతుంది. టవరు మీద కొంత గాలిలోకి ఎగిరిపోతుంది గనుక తొట్టి దగ్గర నిలబడిన మనిషికి వాసన ఆలస్యంగా తెలుస్తుంది.

రెండో కండెన్సరు ఉంటే లోడు దాని మీదికి మార్చి, దీన్ని వేరుచేసి, గ్యాసు పూర్తిగా తీసిన తరువాతనే నీటి వైపు మూతలు విప్పాలి. ఎన్నేళ్ళ అనుభవం ఉన్న మనిషైనా మాస్కు లేకుండా మూత మీద చెయ్యి వేయకూడదు. చిల్లి పడిన ట్యూబు దొరికితే రెండు చివర్లా ప్లగ్గులు కొట్టి ఈ సీజను నడిపించుకోవచ్చు. అయితే ఒకటి పోయిందంటే దాని పక్కవాటి వయసు కూడా అంతేనని గుర్తుంచుకోండి.

కృష్ణలంక ప్లంబరు:

వెనుక వాల్వు ఉన్నా నీళ్ళు ఎలా వచ్చాయన్న ప్రశ్నకు నేను కంటితో చూసింది చెబుతాను. విజయవాడలో ఒక బట్టల దుకాణం పైకప్పు మీద వాటర్ కూల్డ్ ఏసీకి ఇలాంటి లైనే ఉంటే, దాని ఇత్తడి నాన్ రిటర్న్ వాల్వును నేను విప్పాను. లోపలి రేకు సరిగ్గానే ఆడుతున్నది. కానీ అది ఆనుకునే అంచు మీద, మరలకు చుట్టే జనపనార పోగు ఒకటి అడ్డంగా పడి, దాని మీద సున్నపు పెచ్చు గట్టిపడి ఉంది. పోగు మందం వెంట్రుకలు నాలుగు కలిపినంత ఉంటుందేమో. ఆ సందులోంచి రాత్రంతా నీళ్ళు కారితే బిందెలు నిండుతాయి. వాల్వు బయట నుంచి చూడటానికి కొత్తదానిలాగే ఉంది.

గేటు వాల్వు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆరు నెలలు తిప్పకుండా ఉన్న గేటు వాల్వు అడుగు గాడిలో మట్టి చేరి, చక్రం బిగిసినా గేటు చివరి దాకా దిగదు. మూసే ఉంది గదా అని మనం అనుకుంటాము, వాల్వు మాత్రం పాస్ అవుతూనే ఉంటుంది. కొత్తది వేసినా రెండో ఏడాదికి ఇదే కథ. మీ బై-పాస్‌ను వాల్వు మార్చి బాగుచేయడం కాదు, కోసి తీసేయాలి.

విశ్రాంత ఇంజినీరు:

ప్లంబరు గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూ, నీళ్ళు వెనక్కి రావడానికి ఉన్న రెండు వేరువేరు కారణాలను చెబుతాను. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లనే చాలాచోట్ల ఒకదానికి మందు వేసి రెండవదాన్ని వదిలేస్తున్నారు.

ఒకటి తోపుడు. మీ పంపు హెడరులో ఒకటిన్నర కిలోల ప్రెషరు ఉన్నదంటే అది 15 మీటర్ల ఎత్తున్న నీటి స్తంభంతో సమానం. మన వీధుల్లో కుళాయి వదిలినప్పుడు కూడా అంత ప్రెషరు ఉండదు, వదలని వేళల్లో అసలే ఉండదు. అందువల్ల మీ బై-పాస్ దగ్గర నీళ్ళు ఎప్పుడూ మీ హెడరు నుంచి మున్సిపల్ గొట్టం వైపే పోవాలని చూస్తూ ఉంటాయి.

రెండవది పీల్పు. నీటి సరఫరా రోజంతా ఉండే ఊళ్ళలో గొట్టం ఎప్పుడూ నిండుగా ఉంటుంది గనుక ఇది ఎప్పుడో మెయిన్ పగిలినప్పుడు మాత్రమే జరుగుతుంది. మనకు కొద్ది గంటలే నీళ్ళు వస్తాయి. వదలడం ఆపగానే గొట్టంలోని నీళ్ళు పల్లానికి జారుతూ వెనుక శూన్యాన్ని మిగులుస్తాయి. దానికి తోడు వీధిలో నాలుగిళ్ళవారు కుళాయి గొట్టానికే మోటారు బిగించి లాగుతారు. ఆ లాగుడుకు మీ తొట్టిలో మునిగి ఉన్న బాల్ కాక్ మూతి సరిగ్గా స్ట్రా లాగా పనిచేస్తుంది. గాలి ఒత్తిడికి నీళ్ళను 10 మీటర్ల దాకా ఎత్తగల శక్తి ఉంది గనుక, మీ తొట్టి గోడ ఎత్తు దానికి ఒక లెక్క కాదు.

ఇంకో మాట, కొంచెం కటువుగా ఉన్నా చెప్పక తప్పదు. మీ గేటు కుళాయి దాకా వచ్చిన నీళ్ళు అక్కడే ఆగాయని మీరు ఎలా అనుకుంటున్నారు? అదే గొట్టం వీధిలోకి పోతుంది. మున్సిపల్ నీటి విభాగం వారికి ఈరోజే తెలియజేయండి, మీ పక్కవారి కుళాయిలు కూడా చూడమనండి. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట ప్రాంతంలో అతిసారం ప్రబలినప్పుడు తాగునీటి గొట్టాల్లో మురుగు కలవడం గురించి ఊరంతా మాట్లాడుకున్నాము. అక్కడ దారి వేరు, కానీ గొట్టం ఖాళీ అయినప్పుడు చుట్టూ ఏది ఉంటే అది లోపలికి పోతుందన్న సూత్రం అదే.

ఆటోనగర్ ఐసు ఫ్యాక్టరీ:

పెద్దలు భయపెడుతున్నారు గానీ, మా ఫ్యాక్టరీలో పాతికేళ్ళుగా కండెన్సరు నుంచి బయటికి వచ్చిన నీళ్ళను మళ్ళీ సంపులోకే వదులుతున్నాము. ఆ నీళ్ళు ఇనుప ట్యూబులో పోయి వేడెక్కి వస్తాయి తప్ప దేనినీ తాకవు. నీటి కరువు ఉన్న రోజుల్లో అన్ని నీళ్ళు కాలువలో పోయడం న్యాయమా అని అడుగుతున్నాను. కుళాయికీ తొట్టికీ మధ్య ఖాళీ ఉంచాలనే మాట విన్నాను, కానీ నీళ్ళు చిమ్ముతాయని మా కుర్రవాళ్ళు ఎలాగూ ఒక పైపు తొడుగుతారు.

విశ్రాంత ఇంజినీరు:

నీళ్ళు పారబోయమని ఎవరూ అనడం లేదండీ. టవరులో ఎన్నిసార్లైనా తిప్పుకోవచ్చు, మొక్కలకు పెట్టుకోవచ్చు, నేల కడుక్కోవచ్చు. తాగే సంపులోకి మాత్రం రాకూడదు. నీటికీ అమ్మోనియాకూ మధ్య ఉన్నది ఒక్క పొర రేకు. ఆ పొర పోయిన రోజున ఏమవుతుందో పైన మేనేజరు గారు రాశారు. పాతికేళ్ళుగా ఏమీ కాలేదన్నది ఆ ట్యూబు గొప్పతనమే.

మీరు పైపు తొడుగుతారన్నారు గనుక అడుగుతున్నాను. ఐసు క్యాన్లు నింపే పైపు చివర, క్యాన్లను గడ్డకట్టించే ఉప్పునీళ్ళ ట్యాంకులో పడి ఉండటం మీ దగ్గర ఎన్నడూ జరగలేదా? ఐసు దిమ్మ ఊడిరావడానికి క్యాన్లను ముంచే డిప్ ట్యాంకులో మునిగి ఉండటం? ఆ సమయంలో వీధిలో నీళ్ళు ఆగిపోతే, ఐసు తయారయ్యే నీళ్ళలోకీ పక్కింటి కుళాయిలోకీ ఏం పోతుందో మీరే చెప్పండి.

ఆటోనగర్ ఐసు ఫ్యాక్టరీ:

ఒకసారి ఐసు ఉప్పగా ఉందని చేపల వ్యాపారి బ్లాకులు తిరగ్గొట్టిన మాట నిజమే. క్యాను చిల్లి పడిందేమోనని అప్పుడు క్యాన్లన్నీ వెతికించాను. పైపు సంగతి నాకు తట్టలేదు.

పాలిటెక్నిక్ మాస్టారు:

మేనేజరు గారికి ఒక చిన్న ఉపాయం. నీళ్ళలో అమ్మోనియా కలిస్తే క్షారగుణం పెరుగుతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడటం మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే గదా, అదే ఇక్కడా పనికి వస్తుంది. తెల్ల కాగితం మీద తడి పసుపు రాసి ఆరబెట్టి, ముక్కలుగా కోసి పంపు గదిలో ఉంచుకోండి. తొట్టి నీటి చుక్క పడినచోట కాగితం ఎర్రటి గోధుమరంగుకు తిరిగితే వెంటనే కండెన్సరును చూడాలి. ఫినాఫ్తలీన్ దొరికితే ఇంకా మంచిది, గులాబీ రంగు స్పష్టంగా కనిపిస్తుంది.

అయితే కాగితం రంగు మారలేదని ఆ నీళ్ళు తాగవచ్చునని అనుకోకూడదు. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం అమ్మోనియా లీటరుకు అర మిల్లీగ్రాము దాటకూడదు. అంత కొద్ది పరిమాణం పసుపుకు గానీ ముక్కుకు గానీ అందదు. పైగా టవరు నీళ్ళలో అమ్మోనియా ఒక్కటే ఉండదు. పెచ్చు కట్టకుండా వేసే మందులు, నాచు చంపే మందులు, పెచ్చు వదిలించే రోజున యాసిడ్, గోరువెచ్చటి నీటిలో పెరిగే సూక్ష్మజీవులు కూడా ఉంటాయి. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటలులో దిగినవారికి వచ్చిన ఊపిరితిత్తుల జబ్బుకు కారణమైన లెజియొనెల్లా అనే సూక్ష్మజీవి, ఇలాంటి టవరు నీళ్ళలోనే హాయిగా పెరుగుతుంది. తాగునీటి, మురుగునీటి గొట్టాలు కలిసిపోవడం వల్ల 1933లో షికాగో హోటళ్ళలో అమీబా విరేచనాలు వ్యాపించి 98 మంది చనిపోయారు. అక్కడి ప్లంబింగ్ నిబంధనలు బిగుసుకోవడానికి అదొక పెద్ద కారణం.

తెనాలి ఎంఈపీ ఇంజినీరు:

నేను గల్ఫ్‌లో కొన్నేళ్ళు పనిచేసి వచ్చాను. ఇలాంటి చోట్ల మేము ఆర్‌పీజడ్ వాల్వు పెట్టేవాళ్ళము. అందులో రెండు నాన్ రిటర్న్ వాల్వులు, వాటి మధ్య గదిలో ఒక రిలీఫ్ వాల్వు ఉంటాయి. వెనుక నుంచి ప్రెషరు వచ్చినా, ముందు ప్రెషరు పడిపోయినా మధ్య గదిలోని నీళ్ళు బయటికి కక్కేస్తుంది తప్ప తాగునీటి వైపు పోనివ్వదు. అంగుళం సైజు తెప్పించి బిగిస్తే మేనేజరు గారి సమస్య అంతటితో పోతుంది.

విశ్రాంత ఇంజినీరు:

మంచి పరికరం, కాదనను. కానీ బాబూ, దాని గుండా నీళ్ళు పోవాలంటేనే ముప్పాతిక కిలో, దగ్గర దగ్గరగా కిలో ప్రెషరు ఖర్చవుతుంది. మన వీధి కుళాయిలో వచ్చేదే అంత ఉండదు. దాన్ని బిగించిన మరునాడే టవరుకు నీళ్ళు చాలడం లేదని ఎవరో ఒకరు దాని పక్కనుంచి ఇంకో బై-పాస్ వేస్తారు. పైగా ఏడాదికొకసారి గేజీలు పెట్టి పరీక్షించాలి, మురికి చేరితే రిలీఫ్ నుంచి కారుతూ ఉంటుంది, కారుతున్నదని దానికి చెక్క బిరడా కొట్టే మహానుభావులు మనకు కొదువలేదు.

మన ఊరికి తగినది గాలి ఖాళీ ఒక్కటే. కుళాయి మూతికీ, తొట్టి పొర్లే అంచుకూ మధ్య గొట్టం వ్యాసానికి రెండింతలు, ఎంత చిన్న గొట్టమైనా 25 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఖాళీ ఉండాలి. మీది అంగుళం గొట్టం గనుక రెండు అంగుళాలు. మూతి గోడకు దగ్గరగా ఉంటే మూడింతలు ఉంచండి. కొలవవలసింది రోజూ నీళ్ళు నిలిచే మట్టం నుంచి కాదు, బాల్ కాక్ చెడిపోయి, పొర్లు గొట్టం కూడా పూడిపోయిన రోజున నీళ్ళు ఏ అంచు మీదుగా పొర్లుతాయో అక్కడి నుంచి. ఇందులో తిరిగే భాగం లేదు, అరిగేది లేదు. వాచ్‌మన్ కూడా స్కేలు పెట్టి చూసి చెప్పగలడు.

తెనాలి ఎంఈపీ ఇంజినీరు:

ప్రెషరు విషయం నేను ఆలోచించలేదు, మా దగ్గర ఎప్పుడూ సొంత బూస్టరు పంపులుండేవి. ఒప్పుకుంటున్నాను.

ఏటుకూరు రోడ్డు మేనేజరు:

అందరికీ కృతజ్ఞతలు. మున్సిపల్ వారికి చెప్పాము, వారు వచ్చి మా కనెక్షన్‌ను వీధి దగ్గరే కట్టేసి, మా ముందున్న ఇళ్ళ కుళాయిల నీళ్ళ నమూనా తీసుకువెళ్ళారు. విడిగా ఒక తొట్టి కట్టి అందులోకి గాలి ఖాళీతో నీళ్ళు వదిలి, అక్కడి నుంచి చిన్న పంపుతో టవరుకు పంపాలని నిర్ణయించాము. మా ప్లాంటు చల్లబరచే సామర్థ్యం సుమారు 100 టన్నులు (సరుకు బరువు కాదు, శీతలీకరణ కొలత). తొట్టి ఎంత పెద్దది కట్టాలి? కరెంటు పోయి పంపు ఆగితే బై-పాస్ లేకుండా ఎలాగని యజమాని ఇంకా అడుగుతున్నారు.

అమ్మోనియా ఆపరేటరు:

100 టన్నుల ప్లాంటు కండెన్సరులో వదిలే వేడిని బట్టి చూస్తే, నిండు లోడు మీద టవరులో గంటకు 650 లీటర్ల దాకా ఆవిరైపోతాయి. నీళ్ళు మరీ చిక్కబడకుండా అడుగు నుంచి వదిలేది అందులో సగం అనుకుంటే మొత్తం గంటకు సుమారు 1,000 లీటర్లు. మీకు రోజుకు ఒక పూటే నీళ్ళు వస్తాయి గనుక రోజంతటికీ 24,000 లీటర్లు పట్టేలా కట్టుకోవాలి. అంత చోటు లేకపోతే సగం కట్టి, మిగతాది ట్యాంకరుతో నింపుకోండి. ట్యాంకరు పైపు కూడా అంచు పైనుంచే పోయాలి సుమా.

బై-పాస్ గురించి మీ యజమాని గారికి నా మాటగా చెప్పండి. కరెంటు పోతే కంప్రెసరు కూడా ఆగుతుంది, ఆగిన కంప్రెసరుకు కండెన్సరు నీళ్ళతో పని లేదు. జనరేటరు మీద కంప్రెసరు నడిపేవారు నీళ్ళ పంపును కూడా దాని మీదే నడుపుతారు. పంపు చెడిపోవడమే భయమైతే పక్కన ఇంకో పంపు పెట్టుకోవాలి. గదుల్లో సరుకు చల్లగా ఉంటే, తలుపులు మూసి ఉంచినంతసేపు కొన్ని గంటలు ప్లాంటు ఆగినా మిర్చికి వచ్చే నష్టం లేదు.

బెసెంట్ రోడ్డు హోటలు:

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. ఈ చర్చ చదివి మా వంటగదిలో ఐసు క్యూబుల యంత్రం వెనుక చూశాను. దాని కండెన్సరు నుంచి వచ్చే గొట్టాన్ని నేరుగా మురుగు గొట్టంలోకి దూర్చి చుట్టూ ఎం-సీల్ పెట్టారు. ఇది కూడా తప్పేనా?

కృష్ణలంక ప్లంబరు:

తప్పేనండీ. ఆ మురుగు పూడుకుంటే అది యంత్రంలోకే ఎదురు తంతుంది. ఎం-సీల్ ఊడదీసి, గొట్టం చివరను గరాటుకు రెండు అంగుళాల పైన వేలాడదీసి, ఆ గరాటును ట్రాపు (నీళ్ళు నిలిచి మురుగు వాసన ఆపే వంపు గొట్టం) మీదుగా మురుగుకు కలపండి. నీళ్ళు పడుతున్నట్టు కంటికి కనిపించాలి. సాయంత్రం ఖాళీ ఉంటే నేనే వచ్చి చూస్తాను.

ఏటుకూరు రోడ్డు మేనేజరు:

మూడు వారాల తరువాత రాస్తున్నాను. కండెన్సరులో రెండు ట్యూబులు చిల్లి పడినట్టు తేలింది, ప్లగ్గులు వేశారు. బై-పాస్‌ను రెండు చివర్లా కోసి డమ్మీలు (మూతలు) బిగించాము. 12,000 లీటర్ల తొట్టి తయారైంది. తాగే కుళాయికి గొట్టం మీటరు దగ్గర నుంచే వేరుచేశాము. పాత లైను ముక్క కడుగుతుంటే మొదటి బకెట్టు నీళ్ళలో మాస్టారు గారి పసుపు కాగితం పారాణి రంగు తిరిగింది, తొమ్మిదో బకెట్టుకు పసుపు పసుపుగానే ఉంది. అయినా ప్రయోగశాల నివేదిక వచ్చేదాకా ఆ కుళాయి తెరవలేదు, నిన్ననే వచ్చింది. తొట్టి ఫొటో జతచేశాను, చూసి చెప్పండి.

కృష్ణలంక ప్లంబరు:

డమ్మీలు బాగున్నాయి, అంచు ఎత్తు కూడా బాగుంది. కానీ ఫొటో పెద్దది చేసి చూడండి. కుళాయి మూతికి జానెడు పచ్చ పైపు తొడిగి ఉంది, దాని చివర నీళ్ళలో ఆడుతున్నది.

ఏటుకూరు రోడ్డు మేనేజరు:

నీళ్ళు చిమ్మి పంపు మోటారు తడుస్తున్నదని మా కుర్రవాడు నిన్న సాయంత్రం తొడిగాడట. ఇప్పుడే పీకించాను. మోటారును రెండు అడుగులు అవతలికి జరిపిస్తున్నాము.